తల్లి మెషీను

బడి తెరవడానికి ఇంకా పదహారు రోజులున్నాయి. పిల్లలకి పదహారు రోజుల సెలవు, చార్జర్ మేడమ్‌కి పదహారు రోజుల వెట్టిచాకిరి.

ఆ పేరు పిల్లలు పెట్టిందే. "చార్జర్ ఏదిరా? ఉత్త మెషీను మొహాన పడేసి పోతే చార్జర్ మీ తాత తెచ్చిస్తాడా?" అని తొమ్మిదేళ్ళుగా ఆవిడ అరిచిన అరుపుల ఫలితం అది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. మేడమ్ అన్నారు కదా అని టీచరనుకునేరు. కాదు. ల్యాబ్ అసిస్టెంటు, అందులోనూ తాత్కాలికం. ఏడాదికోసారి పదకొండు నెలలకి ఒక కాగితం చేతిలో పెడతారు. ఆ కాగితం కోసం ఏటా ఆఫీసు గది గుమ్మంలో నిలబడ్డం, గుమస్తా "చూద్దాం లెండి" అనడం, తల వంచుకుని తిరిగి రావడం. అలాంటి కాగితాలు తొమ్మిదయ్యాయి.

ఈసారి మాత్రం ప్రిన్సిపాలే పిలిచి మరీ మాటిచ్చాడు.

"చూడమ్మా, ఈ ఏడు నూట నలభై ల్యాప్‌టాప్‌లు పెద్ద తరగతుల పిల్లలకి ఇళ్ళకే ఇచ్చేస్తున్నాం. బడి తెరిచేనాటికి అన్నీ సిద్ధం చేసి పెట్టు. నీ ఫైలు కమిటీ ముందు పెట్టి పర్మనెంటు చేయించే పూచీ నాది."

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి గాల్లో తేలిపోతూ వెళ్ళింది. అత్తగారు మాత్రం కూరగాయల కత్తి కింద పెట్టకుండానే విన్నది.

"మాటకేముందే, నోరుంటే చాలు. కాగితం మీద పెట్టమను."

"ఆయన అలాంటి మనిషి కాదత్తయ్యా."

"ఏరు దాటేదాకానే ఓడ మల్లన్న. దాటాక చూడు," అని ఆవిడ మళ్ళీ కూరగాయల మీద పడింది.

అత్తగారి నోటికి జడిసి పని ఆగుతుందా? మర్నాడు ఎనిమిదింటికల్లా ల్యాబ్ తలుపు తీసింది. నిరుడు బళ్ళో వాడిన మెషీన్లు గోడ పొడవునా దొంతరలుగా ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచి చూస్తుంటే తలప్రాణం తోకకొచ్చింది. పెన్ను కీబోర్డు మీదే వదిలేసి మూత నొక్కిన మహానుభావులు పదకొండు మంది. ఆ పదకొండు తెరలూ అడ్డంగా పగిలి ఉన్నాయి. ఒకడు మీటలన్నీ పీకి తనకి నచ్చిన వరసలో పెట్టుకున్నాడు. ఒకదాని అడుగున బబుల్‌గమ్ రాయిలా బిగిసిపోయింది. ఇంకోదాని సందుల్లోంచి పెన్సిల్ పొట్టు గుప్పెడు రాలింది. "వీళ్ళకి చదువులా! వీళ్ళ చేతికి పలక ఇచ్చినా రెండు ముక్కలు చేస్తారు," అని ఆవిడ తిట్టుకుంటూనే పాత బ్రష్షుతో ఒక్కొక్క మీట చుట్టూ తుడిచింది. బడి తుడిచే ఆయా పక్కన కూర్చుని చార్జర్ల చిక్కులు విప్పింది. తెరలు మార్పించడానికే నాలుగు రోజులు పోయాయి.

ఆ తర్వాత అసలు పని. నూట నలభైలో దేనికది కూర్చుని పాఠాలూ ప్రోగ్రాములూ ఎక్కించాలంటే ఏడాది పడుతుంది. అందుకని ఆవిడ ఒకే ఒక మెషీనుని ఎంచుకుని, దాన్ని పూర్తిగా తీర్చిదిద్దుతుంది. పాఠాలు, బొమ్మలు గీసే ప్రోగ్రాము, వైరస్ కాపలా, పనికిమాలిన సైట్లు తెరుచుకోకుండా అడ్డు, అన్నీ అందులోనే. దాన్ని తల్లి మెషీను అంటుంది. తల్లిలో ఏముంటే పిల్లల్లో అదే దిగుతుంది. అన్నిట్లోకీ దింపాక ప్రతి మెషీనుకీ తాళం వేస్తుంది. ఈ తాళం ఉందే, అది ఆవిడకి ప్రాణం. పిల్లవాడు ఏం చెరిపినా, ఏం పాడుచేసినా సరే, ఆపి మళ్ళీ వెలిగించగానే మెషీను మొదట ఆవిడ ఎలా ఇచ్చిందో అలాగే లేస్తుంది. పిల్లల రాతకోతలు దాచుకోవడానికి మాత్రం తాళం పడని అర ఒకటి విడిగా ఉంచింది.

తల్లి మెషీను ఆవిడ బల్ల మీద ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దని అందరికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఒక అట్ట ముక్క మీద "ముట్టుకోకండి" అని రాసి ఆనించింది కూడా. కానీ ప్రిన్సిపాల్‌కి అలాంటి అట్టలు కనబడవు. బళ్ళో ఉన్న అట్టలన్నీ ఇతరుల కోసమే రాసినవని ఆయన నమ్మకం.

గురువారానికి నూట నలభై మెషీన్లూ అయిపోయాయి. తాళాలు పడ్డాయి, మూతల మీద నంబర్లు పడ్డాయి. నడుం పట్టేసినా ఆవిడ మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఒకసారి సరిచూసేస్తే అయిపోయినట్టే," అని ఆయాతో చెప్పి, చేతికందిన మెషీను ఒకటి లాగింది. ఒక బొమ్మ గీసి పిల్లల అరలో దాచింది. ఆపింది, వెలిగించింది. బొమ్మ ఉంది. తాళం పడ్డ భాగంలో అంతా తను పెట్టినట్టే ఉందో లేదో చూద్దామని ఆ ఫోల్డరు తెరిచింది. అందులో 'కొత్త2' అనే ఫైలు కనబడింది.

ఆవిడ పెట్టింది కాదు. బళ్ళో ఏం రాసినా 'కొత్త' అని పేరు పెట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన శుక్రవారం తను భోజనం చేసొచ్చేసరికి ప్రిన్సిపాల్ తన కుర్చీలో కూర్చుని ఒంటివేలితో టకటకలాడిస్తున్నాడు. "నా కంప్యూటర్ నత్తలా పాకుతోందమ్మా, ఇది ఖాళీగా ఉంది కదా అని," అంటూ లేచి వెళ్ళిపోయాడు. దింపడం మొదలెట్టేముందు తల్లిని ఒకసారి పైనుంచి కిందికి చూసుకోవడం ఆవిడ అలవాటు. దింపే రోజు తొందరలో చూడలేదు. ఆ ఫైలు తెరిచి చదివింది.

కమిటీకి రాసిన ఉత్తరం. ల్యాబ్ పని ఈ ఏడు నుంచి బయటి కంపెనీకి అప్పగిస్తున్నారట. అందువల్ల ఇప్పుడున్న ల్యాబ్ అసిస్టెంటు సేవలు ఈ నెలాఖరు తర్వాత అవసరం లేదట. చివరన ఇంకో వాక్యం. "మెషీన్లు సిద్ధం చేసే పని పూర్తయ్యేవరకు ఈ విషయం ఆమెకు తెలియనివ్వకపోవడం మంచిదని నా అభిప్రాయం."

ఆవిడ రెండోసారి చదివింది. పక్కనున్న మెషీను తెరిచింది, అందులోనూ ఉంది. ఇంకోటి తెరిచింది. మళ్ళీ అదే. తల్లిలో ఉంది కాబట్టి నూట నలభైలోనూ ఉంది. తాళం పడింది కాబట్టి ఏ పిల్లవాడు చెరిపినా మర్నాడు పొద్దున్నే మళ్ళీ లేచి కూర్చుంటుంది.

"ఏంటి మేడమ్‌గారూ, అలా అయిపోయారు?" అంది ఆయా.

"నన్ను తీసేశారు," అంది.

ఆయాకి సంగతి అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. "అలాగే వదిలెయ్యండమ్మా! సోమవారం బడి తెరవగానే నూట నలభై కొంపల్లో చదువుకుంటారు. వాళ్ళ అమ్మానాన్నలూ చదువుతారు. ఆయన పరువు ఆయనే బజారున పెట్టుకున్నాడు, మనకెందుకు!"

ఆ మాట చార్జర్ మేడమ్‌కి ఎంత తీపిగా తోచిందో చెప్పలేం. ఒక్క క్షణం ఊరికే కూర్చుని ఆ తీపిని చప్పరించింది కూడా. తర్వాత లేచి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

ఆయన ముందు తెల్లబోయాడు. తెల్లబోవడం అయ్యాక గొంతు పెంచాడు. "పిల్లల మెషీన్లలోకి ఇలాంటివి ఎలా వెళ్ళాయి? నువ్వు చూసుకోవద్దా? ఇదేనా నీ జాగ్రత్త?"

"మీరే కదా సార్ నా బల్ల దగ్గర కూర్చుని..."

"సరే సరే, ఇప్పుడవన్నీ ఎందుకు. తీసెయ్. సోమవారంలోగా ఒక్కదాంట్లో కూడా ఉండకూడదు."

"అందులో రాసింది నిజమేనా సార్?"

ఆయన బల్ల మీద కాగితాలు సర్దాడు. "కంపెనీ వాళ్ళు ఫోన్‌లోనే అన్నీ చూసుకుంటారట. కమిటీ ఆలోచన అది. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. ఉత్తరం రాసింది ఆ చేతులే! ఆ ముక్క మొహం మీద అనేసి ఉండాల్సింది. అనలేదు. గుమ్మం దాటాక వంద సమాధానాలు తట్టాయి, ఒక్కటీ సమయానికి రాలేదు. ఈ పాడు నోరు పిల్లల మీద లేచినట్టు పెద్దల మీద ఎందుకు లేవదని తనని తనే తిట్టుకుంది.

ఆ రాత్రి ఇంట్లో చెప్పలేదు. అత్తగారు "చూశావా, నేనన్నానా" అంటుందని భయం. అత్తగారు మొహం చూసే ఏదో పసిగట్టింది గానీ, ఏమీ అనకుండా అన్నం ఇంకాస్త వడ్డించింది. ఆవిడ అలా ఊరుకోవడమే చార్జర్ మేడమ్‌కి మరీ కష్టంగా అనిపించింది.

శుక్రవారం పొద్దున తుడుపు మొదలైంది. ఒక్కోదానికీ తాళం తియ్యాలి, ఆపి వెలిగించాలి, ఉత్తరం చెరపాలి, మళ్ళీ తాళం వెయ్యాలి, మళ్ళీ ఆపి వెలిగించి చూడాలి. పదేసి మెషీన్లు బల్ల మీద వరసగా పేర్చుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. ఆయా ఒక దొంతర తెస్తుంది, ఒక దొంతర తీసుకెళ్తుంది. ఫైలు సరైనదో కాదో చూడాలి కదా, తెరిచిన ప్రతిసారీ "సేవలు అవసరం లేదు" అని కళ్ళ ముందు పడుతుంది. ముప్ఫయ్యో మెషీను దగ్గర ఏడుపొచ్చింది. అరవయ్యో దాని దగ్గర నవ్వొచ్చింది. వంద దాటాక నవ్వూ లేదు ఏడుపూ లేదు, నడుం నొప్పి ఒక్కటే మిగిలింది.

"పోతున్నవారు, మీకెందుకమ్మా ఈ శ్రమ?" అంది ఆయా. "ఎవరికోసం?"

"నా చేత్తో ఇచ్చే మెషీనులో చెత్త ఉండకూడదే," అంది. అంటుంటేనే తన మీద తనకి కోపం వచ్చింది. తన జాగ్రత్తే తన కొంప ముంచుతోంది, అయినా అది మానుకోవడం తనవల్ల కావడం లేదు.

శనివారం నాలుగున్నరకి నూట నలభయ్యో మెషీను మూత పడింది. తల్లిలోనూ చెరిపేసింది. చేతులు కడుక్కుంటుంటే ప్రిన్సిపాల్ స్వయంగా పరుగెత్తుకొచ్చాడు.

"అన్నీ తీసేశావా?"

"తీసేశాను సార్."

"ఒక్కటి కూడా మిగల్లేదా?"

"లేదు సార్."

ఆయన మొహం వాడిపోయింది. "అయ్యయ్యో! ఐదింటికి కమిటీ మీటింగు. ఆ ఉత్తరం వాళ్ళ ముందు పెట్టాలి. నేను ఇంకెక్కడా దాచుకోలేదమ్మా. వెనక్కి తెప్పించే దారేమైనా ఉందా?"

చార్జర్ మేడమ్ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. రెండు రోజులు తన పేగులు తెగేలా తుడిపించిన మనిషి, ఇప్పుడు అదే కావాలంటున్నాడు. "లేదు సార్. పూర్తిగా పోయింది," అంది.

"అయితే కూర్చో. నేను చెప్తాను, నువ్వు కొట్టు. నా ఒంటివేలితో ఐదింటికి అవుతుందా? కాస్త సాయం చెయ్యమ్మా."

సాయమట! ఆయా చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది. చార్జర్ మేడమ్ కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆవిడకే తెలియదు. ఆయన చెప్పాడు, ఆవిడ కొట్టింది. కంపెనీ వచ్చింది, నెలాఖరు వచ్చింది, అవసరం లేని సేవలూ వచ్చాయి. "చాలు, ఇక నా పేరు పెట్టి ప్రింటివ్వు," అన్నాడు.

"ఇంకో వాక్యం ఉంది సార్."

"ఏ వాక్యం?"

ఆవిడ చెప్పలేదు. కొట్టింది. నూట నలభై సార్లు చూసిన వాక్యం అది, తడుముకోవాల్సిన పని లేదు. పని పూర్తయ్యేవరకు ఆమెకు తెలియనివ్వకపోవడం మంచిదని నా అభిప్రాయం. ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చివరికంటా చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇదెందుకమ్మా ఇప్పుడు? ఇది తీసేసి ఇంకోటి ఇవ్వు."

"తీసీ తీసీ నా చేతులు పడిపోయాయి సార్. ఇక మీరే తీసుకోండి," అంది. సంచి భుజాన వేసుకుంది. ఈసారి మాట సమయానికి వచ్చింది, అదొక్కటే సంతోషం.

వరండాలోకి వచ్చేసరికి వెనకాల గదిలో ఒంటివేలి టక్కు, కాసేపాగి ఇంకో టక్కు వినబడుతున్నాయి. మెట్ల మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. తొమ్మిదేళ్ళు! ఆయా వచ్చి పక్కన కూర్చుని వీపు రాసింది.

ఇంతలో గది కిటికీ తెరుచుకుంది. "ఏమమ్మా! సోమవారం పంపిణీ ఉంది. ఎనిమిదింటికల్లా వచ్చెయ్, పిల్లలకి ఎలా వాడాలో చెప్పాలి కదా!" అని ప్రిన్సిపాల్ కేక వేసి కిటికీ మూసేశాడు.

"చచ్చినా వెళ్ళకండి," అంది ఆయా పళ్ళు కొరుకుతూ. "ఆ కంపెనీ వాళ్ళనే ఫోన్‌లోంచి వచ్చి చెప్పమనండి!"

"వెళ్ళనే," అంది చార్జర్ మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ.

అన్నదే గానీ, సోమవారం ఏడున్నరకే వచ్చి ఆ తలుపు తాళం తీసేది తనేనని ఆవిడకి తెలుసు. ఆ మెషీన్లని ఇంకెవరో పిల్లల చేతుల్లో పెడుతుంటే ఇంట్లో కూర్చోవడం తనవల్ల కాదు. ప్రిన్సిపాల్‌కీ ఆ సంగతి తెలుసు. అందుకే అంత ధీమాగా కేకేసి కిటికీ మూసుకున్నాడు.