జెల్ల నోట్లోని గోళీలు

నా చిన్నప్పుడు మా పేటలో నా అంత పెంకిపిల్ల లేదు. కాకినాడ పాత జెట్టీ మీద మా తాతయ్య గేలం వేస్తుంటే పక్కనే చేరేదాన్ని. ఆయన దారానికి సీసపు గుండు కట్టి సముద్రం అడుక్కి వదిలేవాడు. అడుగున తిరిగే జెల్ల చేపలు ఆయనకి బాగా చిక్కేవి.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. తాతయ్య పైకి లాగిన జెల్ల చెక్కల మీద పడి, మనిషి మూలిగినట్టు మూలిగింది. కొక్కెం దాని దవడకి బయట గుచ్చుకుని ఉంది. నోట్లోంచి పసుపుపచ్చని గోళీలు దొర్లాయి. గబుక్కున ఒకటి తీసి గౌను జేబులో వేసుకున్నాను. మిగతావాటిని వంగి చూద్దును కదా, ఒక్కోదానిలో రెండేసి నల్లటి కళ్ళు. అవి నన్నే చూస్తున్నాయి.

"అది తండ్రి చేప అమ్మడూ," అన్నాడు తాతయ్య. "గుడ్లు పిల్లలయ్యేదాకా నోట్లోనే దాచుకుంటాది. అన్నాళ్ళూ తిండి ముట్టదు."

కొక్కెం తీసి, చేపనీ గుడ్లనీ సముద్రపు నీళ్ళ బకెట్‌లో వేసి తడిగోనె కప్పాడు. కాసేపటికి ఎత్తి చూస్తే నీళ్ళలో ఒక్క గుడ్డూ లేదు. చేప బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. అయినా ఆ మూలుగు ఆగలేదు. తాతయ్య మళ్ళీ గోనె కప్పి, సముద్రంకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా జేబుకి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఇంతలో నా జేబులో ఏదో కదిలింది.

ఏడుస్తూ తీసి బకెట్‌లో వేశాను. కాసేపటికి మూలుగు ఆగింది. తాతయ్య బకెట్‌ని తాడుతో కిందికి దించి చేపని వదిలేశాడు. ఆ పూట మా ఇంట్లో చారన్నమే. నేను గుడ్డు తీయడం తను మొదటే చూశానని తాతయ్య తింటూ చెప్పాడు.

"నేనడిగితే బొంకేద్దువు. ఆ చేపే అడుగుతాదని ఊరుకున్నాను."

అది నిజంగా అడిగిందో, నొప్పికి మూలిగిందో నాకిప్పటికీ తెలియదు.

మొన్న నల్లగండ్లలో మా అమ్మాయి ఫ్లాట్‌కి పావురాలు రాకుండా వల కట్టే అతను వచ్చాడు. బాల్కనీలో ఏసీ వెనక రెండు గుడ్లున్నాయి. "తీసి పడేస్తనమ్మా, అందరు గిట్లనే చేపిస్తరు," అన్నాడు. వద్దు, పిల్లలు ఎగిరిపోయాక రమ్మని పంపేశాను. ఆఫీసు నుంచి వచ్చిన మా అమ్మాయి బాల్కనీ అంతా రెట్టలేనని సణిగింది. సణగనీ. ఒంటరిగా పడి ఉన్న గుడ్డుని చూసి, ఇది ఎవరిదీ కాదులే అనుకునే ధైర్యం నాకు ఆ జెట్టీ మీదే పోయింది.