షిఫాన్ కొంగు పరీక్ష

మా ఆయన ఈ హిందీ ప్రాంతానికి వచ్చి, సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యారు. కాలక్షేపానికి మొక్కలు పెంచుతారనుకుంటే, తెలీబంధాలో మా ఇంటి కారు షెడ్డులో విమానం మొదలుపెట్టారు. రెండు సీట్లది. రెండోది ఎవరికో తెలియగానే నాకు ముచ్చెమటలు పట్టాయి. మొహం మీదే కాదనలేక ఒక షరతు పెట్టాను. నా షిఫాన్ కొంగు రెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా లాగుతాను, ఎక్కడా పట్టుకోకుండా జారితేనే విమానం ఎక్కుతాను.

రెక్క రేకును పట్టి ఉంచేవి రివెట్లనే చిన్న మేకులు. వాటి తలలు రేకులోకి దిగి, రేకుతో సమంగా కూర్చోవాలట. పొడవు కూడా సరిపోవాలి. ఎక్కువైతే అవతలి కొస వంగిపోతుంది, తక్కువైతే పట్టు ఉండదు. ఆ రివెట్లను కంచంలో పోసుకుని, పప్పులో రాళ్లు ఏరినట్టు ఇద్దరం కూర్చుని ఏరేవాళ్లం.

ఆదివారం ఆదివారం కొంగు లాగేదాన్ని. ఎక్కడో ఒకచోట చర్రున పట్టుకునేది. "ఇదిగో, తగిలింది!" అని సంబరంగా అరిచేదాన్ని. చీర చిరుగుతున్నా బెంగ లేదు.

ఆయనకు రోషం వచ్చింది. వెల్డింగు చేసిన చోటల్లా గ్రైండరు పెట్టి నున్నగా చేయడం ఫ్యాక్టరీ అలవాటు కదా, ఇక్కడా పైకి లేచిన ప్రతి రివెట్టు తలనూ అలాగే అరగదీశారు. ఆ ఆదివారం కొంగు నూనె రాసినట్టు జారిపోయింది.

"దేఖో, ఎలాగుందో!" అని మీసం మెలేశారు.

ఉక్రోషం ఆపుకోలేక రెక్క మీద ఒక్కటి చరిచాను. లోపల టింగుమని ఏదో పడింది. తల కాగితంలా అరిగిపోయిన ఒక రివెట్టు రేకును వదిలేసింది.

గెలిచింది నేనే. కానీ ఆయన ముఖం చూస్తే సంతోషం రాలేదు.

"ఒక్కటే కదండీ, కొత్తది వేసేయండి," అన్నాను.

"ఒక్కటేటే, అన్నీ అలాగే గీకీసేను," అంటూ డ్రిల్లు అందుకుని వరసంతా ఊడదీయడం మొదలుపెట్టారు. నెలల తరబడి చేసిన పని.

"అంతా ఎందుకండీ?"

"నేనొక్కణ్నే అయితే చల్తా హై, పర్లేదులే అని వదిలీసీవోణ్ని. పక్కన నువ్వు కూకుంటావు కదేటి."

ఆ మాటతో నాకేమీ ధైర్యం వచ్చేయలేదు. భయం భయంగానే ఉంది. మర్నాడు మాత్రం ఆ షిఫాన్ చీర తీసుకెళ్లి, చిరుగులు కనబడకుండా రఫూ చేయమని ఇచ్చి వచ్చాను. ఇక పరీక్షకు పాత దుపట్టా చాలు. ఆ చీర విమానం ఎక్కే రోజు కట్టుకోవాలి.