పొన్నగంటి ఆకు

పంకజమ్మ పొద్దు పొడవకముందే గుడియాత్తం కాలువగట్టున కూర్చుని పొన్నగంటి ఆకు గిల్లుతుంది. ముదురాకు తాకదు, లేత కొసలే ఒళ్ళో వేసుకుంటుంది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన ఆ ఏడాది ఆమె మగడు నటేశన్‌కు మసకవేళ మగ్గం మీద పోగు కంటికి ఆనడం మానేసింది. అమావాస్యలోగా చూపు కుదురుకోకుంటే మగ్గం ఇంకొకరికిస్తానని షావుకారు చెప్పి పోయాడు. "చూపు ఈ ఆకులోనే ఉండాది" అంటుంది పంకజమ్మ. మధ్యాహ్నం పప్పులో వేసి వండి, కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటుంది. "మేకను మేపినట్టు మేపుతుండావే" అని ఆయన సణుగుతూనే తింటాడు.

దీపాలు పెట్టేవేళ ఆయన ముందు ఒక పోగు పట్టుకుని రంగు అడుగుతుంది. ఒకనాడు ఎరుపు, మరునాడు నలుపు, ఆ వరస తప్పదు. ఆయన ఒక్కసారీ తప్పు చెప్పలేదు. అమావాస్య ఆరు రోజులుందనగా ఆమెకెందుకో అనుమానం వచ్చి, వట్టి వేళ్ళు చాపింది.

"ఎరుపు" అన్నాడు నటేశన్ ధీమాగా.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన కూర కంచంలో పెట్టుకొచ్చింది.

"రాత్రిపూట ఆకుకూర తినగూడదంటారే" అన్నాడాయన.

"నా చేతిలో పోగే లేదు. కనపడనోడికి పగలేంది, రేయేంది? తిను. ఈపొద్దు నుంచి రెండు పూటలా."