రెండు పూటల నీళ్లు

మా తండా టేకులపల్లి అడవి అంచున, ఒక వాగు పక్కన ఉండేది. నానమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వాగు నడివేసవిలో కూడా పారేదట. నాకు ఊహ తెలిసేసరికి శివరాత్రికే ఇసుక తేలేది. వాతావరణం మారుతోందన్న మాట అప్పట్లో ఎవరి నోటా వినలేదు. కాలం పాడైపోయిందనేవాళ్లు, పాడుచేసినవాడు పక్క ఊళ్లో ఉన్నట్టు.

ఎండాకాలం ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీళ్లు తోడుకునేవాళ్లం. దాన్నే చెలమ అంటారు. తోడుకున్నాక అడుగున మిగిలిన మురికినీళ్లు పారబోసి, జారిన ఇసుక ఎత్తిపోసి రావాలి. తర్వాత వచ్చేవాళ్లకు తేటనీళ్లు ఊరాలి కదా. అలా చేయని కోడలిని తండా అంతా ఎగతాళి చేసేది.

ఎనభైల మొదట్లో, వరసగా వానలు తప్పిన ఏడాది, రాష్ట్ర సరిహద్దు అవతలి కొండల నుంచి కొన్ని కోయ కుటుంబాలు నడిచి వచ్చాయి. వాళ్ల వాగులు మాకన్నా ముందే ఎండిపోయాయట. మాకు ఎగువన గుడిసెలు వేసుకుని చెలమ తవ్వుకున్నారు. మా చెలమలో నీళ్లు తగ్గాయి. ఇంకేముంది, మా మగవాళ్లు కర్రలు పట్టుకుని వెళ్లి వాళ్ల చెలమను ముళ్లకంపతో కప్పేసి వచ్చారు. మా ప్రతాపం ఎప్పుడూ మాకన్నా లేనివాళ్ల మీదే.

మర్నాడు అమ్మ కడవ తీసుకుని ఎగువకు వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఒక చంటిబిడ్డ తల్లి ఆ కంప తీసి, సొరకాయ బుర్రతో నీళ్లు తోడుతోంది. మమ్మల్ని చూసి బెదిరింది. అయినా తోడుకోవడం అయ్యాక మురికి పారబోసి, ఇసుక ఎత్తిపోసి, అప్పుడు పక్కకు జరిగింది. అమ్మ తిరిగొచ్చి నాన్ననూ తండా పెద్దనూ కడిగేసింది. మన పద్ధతి వాళ్లకుంది, మీకే లేదంది. చివరికి ఇరువైపుల పెద్దలూ కూర్చున్నారు. రెండు చెలమల్లోనూ పొద్దున మేము, సాయంత్రం వాళ్లు తోడుకోవాలని ఒప్పందం కుదిరింది. ఇప్పసారా గొంతు దిగేసరికి అందరూ బావాబామ్మర్దులైపోయారు.

ఆ సఖ్యత నెల కూడా నిలవలేదు. జీపులో ఖాకీ బట్టలవాళ్లు వచ్చారు. అడవిలో కొత్త గుడిసెలు ఉండకూడదన్నారు. వీళ్లు మీ మనుషులేనా అని తండా పెద్దను అడిగారు. మా కూలీలే, వానలు పడగానే పోతారు అంటే చాలు, వదిలేసేవాళ్లు. పక్క తండా పెద్ద అలా చెప్పి, తమ దగ్గర దిగిన కొందరిని కాపాడాడు. మా తండా పెద్ద మాత్రం వాగు వైపు చూశాడు.

"మాకు ఎరుక లేదు సార్" అన్నాడు.

నాన్న ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.

మధ్యాహ్నానికి గుడిసెలు నేలమట్టమయ్యాయి. ఆ తల్లి బిడ్డను గుడ్డలో కట్టుకుని అమ్మ దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"అక్కా, ఇంక యే వాగుల నీళ్లున్నయి?" అని అడిగింది.

అమ్మకు తెలియదు. అక్కడ ఎవరికీ తెలియదు. వాళ్లు ఎండలోనే సారపాక దారి పట్టారు.

ఆ సాయంత్రం నాన్న, ఇక రెండు పూటలా మనమే తోడుకోవచ్చన్నాడు. అమ్మ చెంబు నిండా నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తాగు. కడుపు నిండ తాగు."

నాన్న తాగాడు. నేనూ తాగాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి. ఆ తీపి మీద నాకు ఇప్పటికీ కోపమే.