మునియమ్మ వదిలిన మూడు బారలు

ఫిజీలో ఈ లబాసా ఊరి చుట్టుపక్కల నన్ను పెద్దమనిషి అంటారు. పెళ్ళిళ్ళలో ముందు కూచోబెడతారు. మునియమ్మ సంగతి తెలిస్తే గుమ్మం కూడా ఎక్కనివ్వరు. చెప్పడానికి మొహం చెల్లక ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు.

నా పేరు సన్యాసి. విశాఖపట్నం జిల్లా సాలెవాణ్ణి. మగ్గం తప్ప పార పట్టి ఎరగను. మద్రాసులో కూలీల డిపోలో అరచేతులు చూసి, కాయలు కాసినవాళ్ళనే ఓడ ఎక్కించేవారు. నేనేం చేశాను? మూడు రోజులు ఇటుకరాయితో అరచేతులు రుద్దుకున్నాను. తెల్ల డాక్టరు చూసి తలూపాడు. గిర్మిట్ అనే అయిదేళ్ళ కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి, ఎంత తెలివైనవాణ్ణో అని మురిసిపోయాను! ఫిజీలో దిగిన మొదటి వారానికే ఆ తెలివి తెల్లారిపోయింది.

చెరుకుతోటలో రోజుకు మనిషికో వరస. దాన్ని టాస్కు అనేవారు. మగవాడు తన వరస పూర్తిగా కలుపు తీస్తే షిల్లింగు. ఆడవాళ్ళ వరస కొంచెం పొట్టి, దానికి తొమ్మిది పెన్నీలు. చివర ఒక్క బార మిగిలినా ఆ రోజు కూలి సున్నా. నెలలో మూడుసార్లు మిగిలితే కోర్టు, ఆపైన జైలు. పొద్దు వాలేవేళకి నా వరస సగం కూడా అయ్యేది కాదు.

పక్క వరస మునియమ్మది. చిత్తూరు మనిషి, పుట్టినప్పటినుంచీ మట్టిలో బతికింది. తన పని ముగించుకుని నా వరసలోకి వచ్చేది.

“లెయ్యన్నా, పక్కకు జరుగు. గడ్డి పీకతా ఉండావా, దానికి జోల పాడతా ఉండావా?”

ఆమె మగడు పోతయ్య అది విని నవ్వేవాడు. ఇలా ఎనిమిది నెలలు. నా వరసలో సగం ఆమె తీసేది. షిల్లింగు నేను తీసుకునేవాణ్ణి, ఆమెకు తన తొమ్మిది పెన్నీలే. ఇందులో నీకూ వాటా ఉంది అని ఒక్కనాడూ అనలేదు నేను. సిగ్గుండాలి కదా!

తర్వాత నా అదృష్టం మారింది. పడుగు పోగులు లెక్కపెట్టిన కళ్ళు కదా, కొలతలో నాకు తప్పు రాదని తోటమీది తెల్ల దొర పసిగట్టాడు. ఆయన్ని కులంబరు అనేవాళ్ళం. నా చేతికి కొలకర్ర ఇచ్చాడు. రోజుకు షిల్లింగున్నర. నడుం వంచక్కర్లేదు.

“పని తగ్గితే కూలెట్టా పెరిగిందన్నా?” అని అడిగాడు పోతయ్య.

“లెక్క నీకొచ్చేటి?” అన్నాను. అంత పొగరు నాకు.

ఆ ఏడు వానల్లో జ్వరం వచ్చి పోతయ్య పోయాడు. మునియమ్మకి అప్పటికి నాలుగో నెల. ఏడో నెల వచ్చేసరికి వంగలేక రెండుసార్లు వరస మిగిల్చింది. మూడోసారి నేనే కొలిచాను. మూడు బారలు తక్కువ. కులంబరు దూరంగా గట్టు మీద గుర్రమెక్కి ఉన్నాడు. చెరుకాకుల్లోకి అతనికి ఏమీ కనపడదు, నా మాటే కొలత.

“అన్నా,” అంది మునియమ్మ మెల్లగా, “రేప్పొద్దున్నే వచ్చి తీసేస్తాలే.”

పూర్తయింది అనే మాట గొంతుదాకా వచ్చింది. ఒకవేళ దొర దిగి చూస్తే? కర్ర పోతుంది. మళ్ళీ పార పట్టాలి.

“మూడు బారలు తక్కువ, దొరా!” అని కేకేశాను.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడంటే నేనే. ఆమెకు నెల రోజులు జైలు వేశారు. అక్కడే నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. దేవుడి దయ, బతికింది.

తిరిగొచ్చి, బిడ్డను గట్టు మీద గోనెసంచిలో పడుకోబెట్టి, మునియమ్మ మళ్ళీ వరసలోకి దిగింది. సాయంత్రానికి రెండు బారలు మిగిలాయి. కులంబరు ఇంకా రాలేదు. నేను కర్ర పడేసి, ఆమె చేతిలో పార లాక్కుని దిగాను. మెత్తబడిపోయిన చేతులు, పది దెబ్బలకే బొబ్బలెక్కాయి. అర బార కూడా సాగలేదు. ఆమె చూస్తూ నిలబడింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది.

“ఇట్లియ్యన్నా,” అంది. “ఈ పని నీకు రాదు.”

మిగిలినదంతా తనే తీసేసింది. అంతలో కులంబరు వచ్చాడు. నేను కర్ర అందుకుని కొలిచి, “పూర్తయింది, దొరా!” అన్నాను. ఆ రోజు కూడా ఆమెకు తొమ్మిది పెన్నీలు, నాకు షిల్లింగున్నర.