మెల్లగా వాయించమన్న రోజు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదని నాకో గట్టి నమ్మకం ఉండేది. చేతిలో డిగ్రీ ఉంది, నోట్లో ఇంగ్లీషు ఉంది, లేనిదల్లా ఉద్యోగమే. ఆబిడ్స్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో వెల్‌నెస్ సెంటర్ పెట్టిన మా సార్ నన్ను మూడు నెలలు చూసి చెప్తానని తీసుకున్నారు. బీపీ, షుగరు, నిద్రలేమి ఉన్నవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి, తలా ఒక డప్పు చేతికిచ్చి, అందరిచేతా ఒకే తాళంలో వాయింపజేస్తే మనసు తేలికపడుతుందని ఆయన ఎక్కడో నేర్చుకొచ్చారు. "మొదటి క్లాసు నువ్వే నడుపు. మంచిగైతే పర్మినెంట్ చేస్త. లేకుంటే నీ తొవ్వ నీది," అన్నారు. అప్పటికే మా అమ్మ నాకు ఉద్యోగం వచ్చేసిందని అపార్ట్‌మెంటంతా చెప్పేసింది.

నేర్పడానికి నాంపల్లి నుంచి ఒక పెద్దాయనను పిలిపించాను. అందరూ ఆయనను డప్పు మామ అనేవారు. వచ్చీరాగానే "దేనికి కొట్టాలె బిడ్డా?" అన్నాడు.

"ఆరోగ్యానికి," అన్నాను.

"ఆరోగ్యానికి దెబ్బ లేదు బిడ్డా. పెండ్లికున్నది, బోనాలకున్నది, చావుకున్నది."

పాపం, ఈయనకు వెల్‌నెస్ గురించి ఏం తెలుసులే అనుకుని, "మెల్లగా, నిదానంగా ఉండేది వాయించండి," అన్నాను.

"మెల్లగనా? జర సోంచాయించి చెప్పు."

"ఆలోచించే చెప్తున్నానండీ."

ఆయన నన్నోసారి, కూర్చున్న పదిహేను మందినోసారి చూసి, "సరే, నీ ఇష్టం," అని మొదలుపెట్టాడు. నాకు బాగానే ఉంది. కానీ జనంలో సగం మంది వాయిస్తుంటే, తక్కిన సగం డప్పులు కింద పెట్టేశారు. ఒక అంకుల్ లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "భుజాలు వదులుగా పెట్టి కూర్చోండి అంకుల్," అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. (మాది ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మా ఇంట్లో చావు కబురు ఫోన్లో వస్తుంది.) ఇంతలో కోఠి నుంచి వచ్చే రిటైర్డ్ టీచరమ్మ కళ్ల వెంట ధారగా నీళ్లు కారసాగాయి. సార్ ఇచ్చిన కాగితంలో, ఎవరైనా ఏడిస్తే ఆపవద్దు, లోపలి భారం దిగుతోందని అర్థం అని రాసి ఉంది. నేను వెళ్లి ఆమె వీపు తట్టి, "వెరీ గుడ్ ఆంటీ, ఇంకా బాగా ఏడవండి," అన్నాను.

అప్పుడే కింది అంతస్తులోని గడియారాల దుకాణం సేఠ్ చేతిలో పూలదండతో గుమ్మంలోకి వచ్చాడు. వెనక మరో నలుగురు, చెప్పులు బయట విడిచి, తలలు వంచుకుని.

"సార్‌కు జరమొచ్చిందన్నరు. మూడ్రోజుల్లనే గిట్లయిందా బిడ్డా?"

"తగ్గిపోయిందండీ. ఇప్పుడు వస్తున్నారు."

"దవాఖాన నుంచి తీస్కొస్తున్నరా?"

"లేదండీ, ఆయనే నడిచి వస్తున్నారు."

సేఠ్ నోరు తెరిచాడు. అదే క్షణంలో సార్ మెట్లెక్కి రానే వచ్చారు. దండ పట్టుకుని బిత్తరపోయిన సేఠ్, ఏం చేయాలో తోచక దాన్ని ఆయన మెడలోనే వేసేశాడు. డప్పు ఆగింది. ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, దండ ఎందుకు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. డప్పు మామే నెమ్మదిగా చెప్పాడు: "మెల్లగుండేది నాకొచ్చింది గదొక్కటే సారూ. శవం లేసేటప్పుడు కొట్టేది. నేను అడిగిన, బిడ్డ ఇనలే."

సార్ మొహం ఎర్రబడింది. "నా సెంటర్ల నాకే చావు దెబ్బ కొట్టిపిస్తవా? రేపట్నుంచి రాకు!"

అమ్మకు ఏం చెప్పాలి?

"ఆ పిల్లనేమనకున్రి సారూ." టీచరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. "మా ఆయన కరోనాల పోయిండు. దవాఖాన నుంచే పట్కపోయిన్రు. మంది లేరు, డప్పు లేదు. ఇయ్యాల్టిదాంక నాకు ఏడుపే రాలే." ఆమె డప్పు మామ వైపు తిరిగింది. "ఇంకో జరసేపు కొట్టు తమ్మీ, ఆయన కోసం."

మామ సార్‌ను చూశాడు. సార్ తన మెడలో దండ తీసి టీచరమ్మ ముందు పెట్టి, కింద కూర్చుని ఒక డప్పు అందుకున్నారు. ఈసారి డప్పులు కింద పెట్టినవాళ్లు కూడా వాయించారు. సేఠ్ కూడా వాయించాడు. నేనూ వాయించాను, తాళం తప్పుతూ, ఏడుస్తూ.

ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా అని నేను అడగలేదు. మర్నాడు మామూలుగానే వెళ్లాను. సార్ తాళంచెవి నా చేతికిచ్చి, తలుపు తియ్యమన్నారు. అలా నాలుగేళ్లు తీశాను. ఇప్పుడు ఎవరైనా ఏడుస్తుంటే పక్కన కూర్చుంటాను, అంతే, ఏమీ అనను. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి బతికున్న మనిషికి దండ వేయించిందే, అన్నీ తెలుసనుకున్న ఆనాటి ఆ పిల్ల అని తలుచుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.