రబ్బరున్నదా అమ్మా?

వరంగల్‌లో నా పరిశోధనకు గైడుగా ఉన్న సారు ఎలుకను ఏనాడూ ముట్టుకున్న పాపాన పోలేదు. పంజరాల మీద చీటీలు మాత్రం తనే రాసేవాడు, అదీ పెన్సిల్‌తోనే. రబ్బరు ఎప్పుడూ ఎవరినో ఒకరిని అడిగేవాడు.

ఎలుక వృషణాల నుంచి తీసిన పదార్థాన్ని వేరే మగ ఎలుకలకు సూదితో ఎక్కించేవాళ్లం. దాంతో వాటి ఒంట్లోని రక్షణ కణాలే సొంత వృషణాలను పరాయివనుకుని పాడుచేస్తాయి. పోల్చి చూడడానికి కొన్నిటికి సూది వేయలేదు. తీరా కోసి చూస్తే, అలా వదిలేసిన వాటిలోనూ రెండింటికి వృషణాలు పాడైపోయి ఉన్నాయి. కారణం వెతకాలి కదా అని నేను ప్రయోగాల పుస్తకం తెరిచాను.

"రబ్బరున్నదా అమ్మా?" అన్నాడు సారు. ఆ రెండింటి చీటీల మీద 'సూది వేయలేదు' అన్నది చెరిపి, 'వేశాం' అని రాసి, పొట్టును సుతారంగా ఊదాడు.

ఎలుకలకు మేత వేసే భాయ్ చూస్తూ ఊరుకోలేదు. "ఆ రెండింటికి సూది ఎవ్వలు ఇయ్యలే గద సార్!"

"నీకెందుకు భాయ్ ఫికర్? దాణా వెయ్యి పో."

పోయిన వారం ఓ సన్మాన సభలో అదే సారు, శాలువా కప్పుకుని, పరిశోధనలో నిజాయితీ గురించి గంటసేపు దంచాడు. లేచి ఆ రెండు ఎలుకల సంగతి అడుగుదామని మాట నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను. ఆ రోజు రబ్బరు ఇచ్చింది నేనే.